బడి వాళ్ల భాషలో పెట్టి కాలేజీ గేటు మూసేస్తే గొడవ అక్కడే మొదలవుద్ది

అమ్మా, నువ్వు అడిగింది ఇదీ: ఎంఏ సెమినార్‌కి మాసిడోనియా టాపిక్ ఇచ్చారు, అక్కడ అల్బేనియన్లకి వాళ్ల భాషలో యూనివర్సిటీ రావడం వల్లే జాతుల గొడవ చల్లబడిందని ఒక పేపర్లో ఉంది, ఎవరి భాషలో వాళ్లకి యూనివర్సిటీ ఇచ్చుకుంటూ పోతే జనం ఇంకా విడిపోతారని ఇంకో పేపర్లో ఉంది, ఈ రెంట్లో ఏది నిజం, ఇందులో మన పాడేరు అరకు వైపుకి పనికొచ్చేది ఏమన్నా ఉందా అని. నా చిన్న కూతురి కంటే చిన్నదానివి కాబట్టి నువ్వు అనే అంటున్నా, ఏమీ అనుకోకు. నేను పొలిటికల్ సైన్స్ లెక్చరర్‌గా 31 ఏళ్లు చేశా, అందులో మొదటి 9 ఏళ్లు ఏజెన్సీలోనే, తర్వాతంతా వైజాగ్‌లో, ఇప్పుడు రిటైరయ్యి ఎంవీపీ కాలనీలో ఉంటున్నా. కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదువు.

ముందు నా అభిప్రాయం చెప్పేసి తర్వాత కథలోకి వెళ్తా. నేను చదివినంతలో, కళ్లారా చూసినంతలో గొడవ పుట్టేది చదువు దారి మధ్యలో తెగిపోయిన చోట. ఒకటో తరగతి నుంచి పన్నెండు దాకా పిల్లాడి భాషలోనే చదివించి, ఆపైన గేటు వేసేస్తే, ఆ గేటు బయట నిలబడేది అక్షరం రాని వాళ్లు కాదు, చదువుకున్న 18 ఏళ్ల కుర్రాళ్లు, రేపు రోడ్డెక్కేదీ వాళ్లే. ఇంకో సంగతి ఏంటంటే చివరికి ప్రభుత్వాలు ఆ గేటు తీస్తూనే ఉన్నాయి, కాకపోతే మనుషులు చచ్చాక తీస్తున్నాయి. నాకు ఈ సబ్జెక్టులో బాధ కలిగేది ఆ ఆలస్యం దగ్గరే.

సరే మాసిడోనియా. యూరప్‌లో ఆగ్నేయం వైపు చిన్న దేశం, 2019 నుంచి ఉత్తర మాసిడోనియా అంటున్నారు. మొత్తం జనం 20 లక్షల లోపే, అంటే మన పాత విశాఖ జిల్లా జనాభాలో సగం కూడా లేదు. 2002 లెక్కల ప్రకారం అందులో నూటికి పాతిక మంది అల్బేనియన్లు, ఎక్కువగా పడమటి వైపు టెటోవో, గోస్టివార్ లాంటి ఊళ్లలో ఉంటారు. యుగోస్లావియా ఒకే దేశంగా ఉన్నన్నాళ్లూ వీళ్ల పిల్లలకి ఒక దారి ఉండేది, పక్కనే అప్పట్లో సెర్బియా కింద ఉన్న కొసోవోలో ప్రిస్టినా యూనివర్సిటీ, 1970లో మొదలైంది, అల్బేనియన్లో చదువు చెప్పేది. టెటోవో నుంచి ప్రిస్టినా అంటే ఇక్కణ్ణుంచి శ్రీకాకుళం వెళ్లినంత దూరం, బస్సెక్కి వెళ్లి చదువుకుని వచ్చేవాళ్లు. 1991లో రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. సెర్బియా ప్రభుత్వం ప్రిస్టినాలో అల్బేనియన్ చదువు ఆపేసింది, టీచర్లనీ పిల్లల్నీ బయటికి నెట్టేసింది. అదే ఏడాది మాసిడోనియా సొంత దేశం అయిపోయింది, నిన్నటిదాకా పక్క ఊరు అనుకున్నది ఇప్పుడు సరిహద్దు అవతల. కొత్త రాజ్యాంగంలో మైనారిటీలకి వాళ్ల భాషలో ప్రైమరీ, హైస్కూలు చదువు హక్కు అని రాశారు, యూనివర్సిటీ గురించి రాయలేదు. ఇంక చూసుకో, ప్రతి ఏడూ అల్బేనియన్ మీడియంలో పన్నెండు పాసై వచ్చే పిల్లలు ఉన్నారు, వాళ్లు వెళ్లే చోటు లేదు.

ఇదే అసలు కీలకం అని నా ఉద్దేశం. కుక్కర్‌కి విజిల్ ఉన్నట్టు ప్రిస్టినా వాళ్లకి ఆవిరి పోయే దారి, అది మూసేశాక ఆ ఒత్తిడంతా టెటోవో మీద పడింది. మీ పేపర్లు రాసినవాళ్లు 1994 నుంచి కథ మొదలుపెడతారు, నువ్వు మాత్రం 1991 నుంచి మొదలుపెట్టు, లేకపోతే వీళ్లు ఉన్నట్టుండి ఎందుకు యూనివర్సిటీ పట్టు పట్టారో క్లాసులో ఎవరికీ అర్థం కాదు.

1994 డిసెంబర్లో అల్బేనియన్ పెద్దలు మేమే పెట్టుకుంటాం అని టెటోవో యూనివర్సిటీ ప్రకటించారు. ప్రభుత్వం చట్టవిరుద్ధం అంది. 1995 ఫిబ్రవరిలో టెటోవో పక్కన మాలా రెచిత్సా అనే ఊళ్లో క్లాసులు మొదలెట్టారు, పోలీసులు వచ్చారు, తొక్కిసలాట, కాల్పులు, ఒక మనిషి పోయాడు. రెక్టర్, అంటే మన వీసీ లాంటివాడు, ఫాదిల్ సులెయ్‌మానీని అరెస్టు చేసి జైల్లో పెట్టారు. క్లాసులు మాత్రం ఆగలేదు, ఇళ్లల్లో పెట్టుకున్నారు, ఒకరి హాల్లో ఒక డిపార్ట్‌మెంటు, ఇంకొకరి మేడ మీద ఇంకో డిపార్ట్‌మెంటు అన్నట్టు నడిచింది ఏళ్ల తరబడి. కానీ ఆ పట్టా ప్రభుత్వం ఒప్పుకోదు. నాలుగేళ్లు చదివిన పిల్లాడికి చేతిలో కాగితం ఉంది, ఆ కాగితానికి గవర్నమెంటు ఆఫీసులో విలువ లేదు. ఆ అవమానం ఎలా ఉంటుందో అఫిలియేషన్ లేని కాలేజీలో చేరి చివర్లో హాల్‌టికెట్ రాని పిల్లల్ని చూసినవాళ్లకి తెలుస్తుంది, నేను చూశా.

ఇక్కడ అవతలి వైపు కూడా చెప్పాలి, సెమినార్లో ఇది వదిలేస్తే అన్యాయం అవుతుంది. మాసిడోనియన్లకి భయం ఉంది, అది ఉత్తుత్తి భయం కాదు. ఆ దేశం పేరే మాది అని దక్షిణాన గ్రీసు గొడవ, మీ భాష మా భాషలో యాస మాత్రమే అని తూర్పున బల్గేరియా మాట, అలాంటప్పుడు సొంత గడ్డ మీద నాలుగోవంతు మంది వేరే భాషలో వేరే యూనివర్సిటీ అంటే, ఇవాళ యూనివర్సిటీ, రేపు స్వయంపాలన, ఎల్లుండి విడిపోవడం అని వాళ్ల గుండెల్లో రాయి పడింది. దేశంలో ఎక్కువమంది వాళ్లే, అయినా చుట్టూ చూస్తే వాళ్లే తక్కువమంది. ఇలాంటి చోట మైనారిటీ ఒకరే భయపడుతున్నారు అనుకుంటే పొరపాటు, రెండు వైపులా భయమే.

1997లో ప్రభుత్వం ఒక చిన్న అడుగు వేసింది. రాజధాని స్కోప్యేలో టీచర్ ట్రైనింగ్ ఫ్యాకల్టీలో అల్బేనియన్లో పాఠాలు చెప్పొచ్చు అని చట్టం తెచ్చింది. దాని మీద స్కోప్యేలో మాసిడోనియన్ స్టూడెంట్లు వారాల తరబడి ఊరేగింపులు తీశారు. ఒక్కసారి ఆలోచించు, అల్బేనియన్ బడులు ఉన్నాయి, చట్టమే ఒప్పుకుంది, మరి ఆ బడుల్లో చెప్పే మేష్టార్లు ఎక్కడ తయారవ్వాలి? బడి పెట్టి మేష్టారు తయారయ్యే చోటు లేకుండా చేస్తే ఆ బడి నాణ్యత ఏమవుద్ది? ఈ ముక్క గుర్తుపెట్టుకో, మళ్లీ మన దగ్గరికి వచ్చినప్పుడు ఇదే కావాలి.

ఇప్పుడు మాక్స్ వాన్ డెర్ స్టూల్ సంగతి. నెదర్లాండ్స్‌కి విదేశాంగ మంత్రిగా చేసినాయన, 1993 నుంచి 2001 దాకా ఓఎస్‌సీఈ అనే యూరప్ భద్రతా సంస్థలో జాతీయ మైనారిటీల హైకమిషనర్. ఆ పదవిలో మొదటి మనిషి ఆయనే. ఆ ఉద్యోగం ఏంటంటే, గొడవ ముదరక ముందే వెళ్లి, పేపర్లకి ఎక్కకుండా ఇద్దరితోనూ విడివిడిగా కూర్చుని మాట్లాడటం. మన ఊళ్లల్లో పొలం గట్టు తగాదా కోర్టుదాకా పోకముందే పెద్దమనుషులు చేసే పని లాంటిదే, ఈయన దేశాల మధ్య చేశాడు. ఆయన ఎక్కడికి వెళ్లినా రెండే విషయాలు ఎదురయ్యాయి, భాష, చదువు. అందుకే నిపుణుల్ని కూర్చోబెట్టి 1996లో హేగ్ సిఫార్సులు రాయించాడు. నీ సెమినార్‌కి ఇది చాలా ముఖ్యం. అందులో ఏముందంటే, చిన్నప్పుడు చదువు పిల్లాడి భాషలో ఉండాలి, హైస్కూల్లో మెల్లమెల్లగా దేశభాషలో చెప్పే సబ్జెక్టులు పెంచుకుంటూ పోవాలి, పైచదువు కూడా సొంత భాషలో కావాలంటే అవసరం ఉందని చూపించగలిగి జనం సంఖ్య సరిపడా ఉంటే ఇవ్వాలి. సొంత భాష హక్కు, దేశభాష నేర్చుకోవడం బాధ్యత, రెండూ ఒకే కాగితంలో పెట్టారు. చాలామంది మొదటి సగమే చదివి జై కొడతారు, ఇంకొందరు రెండో సగమే చదివి జై కొడతారు.

ఆయన టెటోవోకి తెచ్చిన ఉపాయం ఏంటంటే, ఇళ్లల్లో నడుస్తున్న యూనివర్సిటీకి ముద్ర వెయ్యమని పట్టుబట్టకుండా పక్కనే కొత్తది పెట్టించడం, అందులో అల్బేనియన్, మాసిడోనియన్, ఇంగ్లీషు మూడూ ఉండటం. 2000లో ప్రైవేటు కాలేజీలు వేరే భాషల్లో చెప్పొచ్చు అని చట్టం మారింది, యూరప్, అమెరికా డబ్బు పెట్టాయి, సౌత్ ఈస్ట్ యూరోపియన్ యూనివర్సిటీ 2001లో టెటోవోలో తలుపులు తీసింది. మూడో భాషగా ఇంగ్లీషు పెట్టడం చాలా తెలివైన పని అనిపిస్తుంది నాకు, ఎందుకంటే అది ఇద్దరిదీ కాదు, ఇద్దరికీ పనికొచ్చేది, దాని కోసం మాసిడోనియన్ పిల్లలు కూడా వచ్చి చేరారు.

కానీ తేదీలు చూడమ్మా. 2001 ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా అదే టెటోవో కొండల్లో తుపాకులు పేలాయి, అల్బేనియన్ గెరిల్లాలకీ ప్రభుత్వ సైన్యానికీ యుద్ధం. కాబట్టి యూనివర్సిటీ వచ్చి యుద్ధం ఆపింది అని మీ మొదటి పేపర్ రాస్తే అది నిలబడదు, రెండూ ఒకే ఏడాదిలో జరిగాయి. యుద్ధానికి వేరే కారణాలూ ఉన్నాయి, పోలీసు ఉద్యోగాల్లో అల్బేనియన్లు చాలా తక్కువ, 1997లో గోస్టివార్‌లో మున్సిపాలిటీ మీద జెండా ఎగరేసినందుకు జరిగిన కాల్పులు, పక్కన 1999 కొసోవో యుద్ధం తర్వాత అటూ ఇటూ తిరుగుతున్న ఆయుధాలు. ఇవన్నీ పక్కనబెట్టి అంతా యూనివర్సిటీ వల్లే అంటే తప్పు. కానీ 2001 ఆగస్టు 13న ఓహ్రిడ్ ఒప్పందం మీద సంతకాలు చేసినప్పుడు అందులో ఏం రాశారో చూడు: దేశ జనాభాలో 20 శాతం దాటిన వాళ్లు మాట్లాడే భాషలో యూనివర్సిటీ చదువుకి ప్రభుత్వం డబ్బివ్వాలి. 1994లో వాళ్లు అడిగింది ఏంటి? ఇదే కదా. 2004లో ఆ పాత టెటోవో యూనివర్సిటీనే, రెక్టర్ని జైల్లో పెట్టిన ఆ యూనివర్సిటీనే, స్టేట్ యూనివర్సిటీగా గుర్తించారు. దాదాపు పదేళ్లు. ఆ మధ్యలో పోయిన ప్రాణాలు, ఇళ్లొదిలి వెళ్లిపోయిన కుటుంబాలు, పనికిరాని పట్టాలతో ముప్ఫై దాటిన కుర్రాళ్లు. ఇవ్వాల్సినదే అయినప్పుడు మొదట్లోనే ఇచ్చుంటే ఎంత తేడా ఉండేదో అని ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేసేది.

ఇప్పుడు నీ రెండో పేపర్, విడిపోతారు అన్నది. దాంట్లోనూ నిజం ఉంది, అది తీసిపారెయ్యకు. ఒకే భాష పిల్లలు మాత్రమే ఉండే యూనివర్సిటీ అయితే, పిల్లాడు బడిలో వేరు, కాలేజీలో వేరు, ఆ తర్వాత అదే ఊళ్లో ఒకే ఆఫీసులో పక్కపక్కన కూర్చోవాల్సి వస్తే ఒకరితో ఒకరు మాట్లాడే అలవాటే ఉండదు. బెల్జియంలో లూవెన్ యూనివర్సిటీని 1968లో డచ్ వాళ్లకొకటి ఫ్రెంచ్ వాళ్లకొకటి అని రెండు చేసేశారు, లైబ్రరీ పుస్తకాలు కూడా సరి సంఖ్య ఒకరికి, బేసి సంఖ్య ఒకరికి పంచుకున్నారు. రక్తం కారలేదు కానీ శతాబ్దాలుగా కలిసున్న ఇల్లు రెండయింది. అదే ఇటలీ ఉత్తరాన జర్మన్ మాట్లాడే బోల్జానోలో 1997లో పెట్టిన యూనివర్సిటీలో జర్మన్, ఇటాలియన్, ఇంగ్లీషు మూడూ ఉంటాయి, పిల్లలు మూడింట్లోనూ పాఠాలు వినాల్సిందే. నాకు ఈ రెండోదే నచ్చుతుంది.

ఇంకో హెచ్చరిక ప్రిస్టినా నుంచే. యూనివర్సిటీ ఉంటే చాలు, శాంతి వచ్చేస్తుంది అనుకోకు. 1981 మార్చిలో ప్రిస్టినా హాస్టల్ పిల్లలు క్యాంటీన్ తిండి బాలేదని మొదలెట్టిన గొడవ రోజుల్లోనే కొసోవోకి రిపబ్లిక్ హోదా కావాలన్నంత పెద్ద ఆందోళన అయింది. కారణం, వేలమందికి డిగ్రీలైతే ఇచ్చారు, యుగోస్లావియాలోనే అందరికంటే బీద ప్రాంతం, ఉద్యోగాలు లేవు. పట్టాకి విలువ అంటే ప్రభుత్వ ముద్ర ఒక్కటే కాదు, దాంతో పని దొరకాలి.

శ్రీలంక గురించి ఎక్కువ రాయను, నీకు తెలిసే ఉంటుంది, 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అన్నారు, 1970లలో యూనివర్సిటీ సీట్లకి తమిళ మీడియం పిల్లలకి ఎక్కువ మార్కులు కావాలని పెట్టారు, జాఫ్నాలో క్యాంపస్ 1974లో ఇచ్చినా అప్పటికే కుర్రాళ్లు చేజారిపోయారు.

మన దేశంలో ఉదాహరణ కావాలంటే అస్సాంలో బరాక్ లోయ చూడు, మన తెలుగువాళ్లు దీని గురించి మాట్లాడుకోవడం చాలా తక్కువ. అక్కడ బెంగాలీ మాట్లాడేవాళ్లు ఎక్కువ. 1960లో అస్సామీ ఒక్కటే అధికార భాష అని చట్టం వచ్చింది, 1961 మే 19న సిల్చార్ రైల్వే స్టేషన్లో సత్యాగ్రహం చేస్తున్నవాళ్ల మీద పోలీసులు కాల్చారు, 11 మంది చనిపోయారు, అందులో కమలా భట్టాచార్య అని పదహారేళ్ల పిల్ల, అప్పుడే మెట్రిక్ పరీక్ష రాసి వచ్చింది. మళ్లీ 1972లో గౌహతి యూనివర్సిటీ కాలేజీల్లో బోధన అస్సామీలో అనేసరికి ఇంకోసారి అల్లర్లు. అప్పుడు చూడు, గొడవ నేరుగా కాలేజీ మీడియం మీదే. చివరికి పార్లమెంటు 1989లో చట్టం చేస్తే 1994 జనవరిలో సిల్చార్ దగ్గర అస్సాం యూనివర్సిటీ మొదలైంది, అదే రోజు అవతలి వైపు తేజ్‌పూర్‌లో ఇంకో సెంట్రల్ యూనివర్సిటీ. ఇద్దరికీ ఒకే రోజు ఇచ్చారు, ఒకరికి ఇచ్చి ఇంకొకరిని చూస్తూ ఉండమనలేదు, అది బాగా చేసిన పని. బెంగాలీలోనే చదువు చెప్పాలి అని కూడా అక్కడ లేదు, మాకంటూ ఒక చోటు ఉంది, మా పిల్లాడి పరీక్ష పేపర్ మా గోడు తెలిసినవాళ్లు దిద్దుతారు అన్న నమ్మకం, దానికే సగం మంట చల్లారుతుంది. ఆ లెక్కన మన ఆంధ్రా యూనివర్సిటీ కూడా అంతే కదా. మద్రాసు యూనివర్సిటీ కింద ఎన్నాళ్లు ఉంటాం అన్న ఆరాటంలోంచి 1926లో పుట్టింది, ఆంధ్ర రాష్ట్రం రావడానికి 27 ఏళ్ల ముందు. చదువు ఇంగ్లీషులోనే చెప్పారు, అయినా మనది అనుకున్నాం.

ఇప్పుడు మన వైపు. ముందే ఒకటి చెప్తా, మన ఏజెన్సీలో భాష పేరు మీద యుద్ధం ఏదీ లేదు, మాసిడోనియాని తీసుకొచ్చి పాడేరు మీద అతికించకు, బయట నుంచి వచ్చే ఎగ్జామినర్ ఎవరైనా ఒక్క ప్రశ్నతో కూలగొట్టేస్తారు. 1922 నాటి అల్లూరి పోరాటమైనా, 1967 తర్వాత శ్రీకాకుళం కొండల్లో జరిగిందైనా భూమి, అడవి, వడ్డీ వ్యాపారి, వెట్టి, వీటి గురించి. కానీ ఆ కాగితాలన్నీ, పట్టా, ప్రోనోటు, కోర్టు నోటీసు, కొండవాళ్లకి రాని భాషలో ఉండేవి అన్నది కూడా నిజమే కదా.

మొదట ఇచ్ఛాపురం వైపు చూడు. అక్కడ ఒడియా మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి, ఒడియా మీడియం బడులు ఉన్నాయి, పైచదువు ఒడియాలో కావాలంటే బరంపురం పక్కనే, 1967 నుంచి అక్కడ యూనివర్సిటీ ఉంది, రైలెక్కితే అరగంట. అవతల బరంపురం, రాయగడ తెలుగువాళ్ల పిల్లలు ఇటు వస్తారు. నేను పైన చెప్పిన ప్రిస్టినా దారి ఇదే, మన దగ్గర అది ఎవరూ మూయలేదు, అందుకే 1936లో ఒరిస్సా విడిపోయినప్పుడు పర్లాకిమిడి మీద అంత పట్టుదలలు ఉన్నా ఇవాళ సరిహద్దు ఊళ్లల్లో పెళ్లిళ్లూ వ్యాపారాలూ మామూలుగా జరిగిపోతున్నాయి. మైనారిటీల భాష, చదువు గురించి మన రాజ్యాంగంలో 29, 30 అధికరణాలు, 350ఎ, 350బి చదువు, మాతృభాషలో చదువు గురించిన 350ఎ ప్రైమరీ దగ్గరే ఆగుతుంది అన్నది నోట్ చేసుకో, మాసిడోనియా రాజ్యాంగం హైస్కూల్ దగ్గర ఆగింది.

పక్క రాష్ట్రంలో సొంత యూనివర్సిటీ లేనివాళ్ల సంగతే నన్ను తినేసేది. మన కొండల్లో కువి, కొండదొర భాష, ఆదివాసీ ఒడియా, గదబ, పోర్జ, సవర మాట్లాడే గిరిజనులు. ఓహ్రిడ్ ఒప్పందంలో 20 శాతం గీత గీశారు కదా, అక్కడ టర్కిష్ వాళ్లు 4 శాతం లోపు, రోమా జనం 3 శాతం లోపు, వాళ్లకి ఆ గీత అందదు. మన దగ్గర రాష్ట్రం మొత్తం మీద లెక్క వేస్తే గదబ భాషకి ఒక శాతం కూడా రాదు, కానీ అరకు చుట్టుపక్కల ఊళ్లకి వెళ్తే బళ్లో కూర్చున్న పిల్లలందరి ఇంటిభాషా అదే అయిన చోట్లు ఉన్నాయి. లెక్క ఎక్కడ నిలబడి వేస్తున్నాం అన్నదాన్ని బట్టి న్యాయం మారిపోతోంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003-04 నుంచి 8 గిరిజన భాషల్లో ప్రైమరీ బోధన మొదలెట్టారు, తెలుగు లిపిలోనే వాచకాలు వేశారు, భాషా వాలంటీర్లని పెట్టారు. మంచి పని, నేను వెళ్లి చూశా, పిల్లలు క్లాసులో నోరు విప్పి మాట్లాడటం అక్కడే మొదటిసారి చూశా. కానీ రెండేళ్లు మూడేళ్లు ఆ భాష, ఆ తర్వాత మొత్తం తెలుగు, ఇప్పుడైతే ఇంగ్లీషు. ఆ వాచకం చెప్పే మేష్టారికి ఆ భాషలో టీచర్ ట్రైనింగ్ ఎక్కడుంది? కువిలో ఎలా పాఠం చెప్పాలో నేర్పే డైట్ కాలేజీ (ప్రైమరీ టీచర్ల ట్రైనింగ్ కాలేజీ) కానీ బీఈడీ కాలేజీ కానీ నాకు కనపడలేదు. స్కోప్యే 1997 గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. దానికి తోడు, షెడ్యూల్డ్ ఏరియాలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో ఇచ్చిన జీవో 3ని 2020 ఏప్రిల్లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ చెల్లదు అన్న కోర్టు మాట చట్టప్రకారం సరే అనుకుందాం, కానీ ఆ జీవో వల్ల పిల్లల భాష వచ్చిన మనిషి క్లాసులోకి వచ్చేవాడు, ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తారు? పోస్టుకి ఆ భాష వచ్చి ఉండాలి అనే అర్హత పెడితే కులం, పుట్టుక అనే గొడవ లేకుండా అదే పని అవుతుంది కదా అని నా ఆలోచన. నీ సెమినార్లో ఇది వాదించి చూడు.

నా దగ్గర చదివిన ఒక కుర్రాడి గురించి చెప్పకుండా ఉండలేను. ఇంట్లో కువి, సంతలో ఆదివాసీ ఒడియా, బళ్లో తెలుగు, ముప్ఫై ఏళ్ల కిందటి మాట. క్లాసులో గ్రామసభ గురించి చర్చ పెడితే వాడి ముందు నేనే తక్కువ, వాళ్ల ఊళ్లో తగువులు ఎలా తీరుస్తారో, ఎవరి మాట ఎప్పుడు ఎందుకు నెగ్గుతుందో వరసగా చెప్పేవాడు. పరీక్షలో మాత్రం రెండుసార్లు ఫెయిల్. సార్వభౌమాధికారం నిర్వచింపుము అని ప్రశ్న. నా దగ్గరికొచ్చి, సార్, ఈ మాట మా భాషలో లేదు, మీ భాషలో కూడా ఇంట్లో ఎవరూ అనరు కదా, మరి నాకే ఎందుకు మార్కులు తక్కువ అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. ఆ తర్వాత ఆరు నెలలు సాయంత్రాలు ఇద్దరం కూర్చుని సిలబస్‌లో ప్రతి పెద్ద మాటకీ కువిలో ఎలా చెప్పొచ్చో వాడు చెప్తే నేను తెలుగు లిపిలో నోటుబుక్‌లో రాసుకున్నా. నూటయాభై మాటల దాకా అయ్యాయి. మూడోసారి పాసయ్యాడు, తర్వాత ఆ జీవో కిందే టీచర్ అయ్యాడు, ఇప్పటికీ అక్కడే చెప్తున్నాడు.

అందుకని భాషలో పదాలు లేవు, సైన్సు చెప్పలేం అన్న మాట నేను ఒప్పుకోను. ఉస్మానియా 1918లో ఉర్దూలో మొదలైనప్పుడు మెడిసిన్‌కీ ఇంజినీరింగ్‌కీ పదాలు రెడీగా లేవు, అనువాదాల కోసం ఒక శాఖ పెట్టి తయారు చేసుకున్నారు. అయితే ఆ ఉస్మానియానే ఇంకోటి కూడా చెప్తుంది, రాజ్యంలో ఎక్కువమంది తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడుతుంటే వాళ్ల భాషలకి ఆ ఖర్చు పెట్టలేదు. పదాలు ఎవరికోసం తయారు చేస్తాం అన్నది డబ్బున్నవాడు, అధికారం ఉన్నవాడు తేలుస్తున్నాడు. మన గిడుగు రామమూర్తి గారి చేతిలో అధికారం లేదు, పర్లాకిమిడిలో మేష్టారు, సవర నేర్చుకుని, సవర పిల్లలకి బడులు నడిపి, 1931లో సవర భాష మీద పెద్ద పుస్తకం తెచ్చారు. ఆగస్టు 29 అంటే తెలుగు భాషా దినోత్సవం అని దండలు వేస్తాం, ఆయన సగం జీవితం తెలుగు కాని భాష కోసం పెట్టారన్నది కూడా ఆ రోజే చెప్పుకోవాలి. అదే సవరకి ఇవాళ ఇటువైపు తెలుగు లిపి, అటువైపు ఒడియా లిపి, 1936లో మంగేయ్ గొమాంగో కట్టిన సొంత లిపి సొరాంగ్ సొంపెంగ్, ఒకే జనానికి ఒకే వాచకం వెయ్యాలన్నా కష్టం.

మరి ఏం చెయ్యాలి అంటావా. కువి మీడియంలో మొత్తం యూనివర్సిటీ పెట్టమని నేను అనను, ఆ పట్టాతో వాడు వైజాగ్ వస్తే ఏ ఉద్యోగం దొరుకుద్ది, మళ్లీ ప్రిస్టినా 1981 అవుతుంది. 2019లో వచ్చిన సెంట్రల్ ట్రైబల్ యూనివర్సిటీ విజయనగరంలో ఉంది కదా, పాఠాలు ఇంగ్లీషులో ఉన్నా పర్లేదు, అందులో ఈ భాషలకి టీచర్ ట్రైనింగ్ సీట్లు కావాలి, కోర్టు దుబాసీ కోర్సు కావాలి, ఆస్పత్రిలో నర్సుకి కువి నేర్పే ఆరు నెలల సర్టిఫికెట్ కావాలి, మైదానం నుంచి వచ్చిన తెలుగు పిల్లలు కూడా ఒక గిరిజన భాష ఒక సెమిస్టర్ చదవాలి. ఆఖరిది అందరికంటే ముఖ్యం అంటా, ఎందుకంటే భాషలు నేర్చుకునే బరువంతా ఇప్పటిదాకా కొండ దిగినవాడి మీదే ఉంది, కువి పిల్లాడికి నాలుగు భాషలు వస్తాయి, వాడికి పాఠం చెప్పే మనకి ఒకటిన్నర. నేను తొమ్మిదేళ్లు అక్కడుండి నేర్చుకున్న కువి ఆ నోటుబుక్‌లో ఉన్నంతే, అది నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

సెమినార్‌కి హేగ్ సిఫార్సులు ప్రింటు నా దగ్గర ఉంది, పక్కన పెన్నుతో రాసుకున్న నోట్సుతో సహా ఇస్తా, జిరాక్స్ తీసుకుని వెనక్కివ్వు. ఆ కువి మాటల నోటుబుక్ కూడా చూపిస్తా, అది మాత్రం ఫోన్లో ఫోటోలు తీసుకో, కాగితాలు పెళుసైపోయాయి.